ఆరో గ్రేడ్ లాంగ్వేజ్ ఆర్ట్స్: తప్పుల్లేకపోయినా 4కి 2 ఎందుకు?

స్పెల్లింగ్, గ్రామర్ బాగున్నా మీ పాపకి లాంగ్వేజ్ ఆర్ట్స్ (ఇంగ్లీషు) వ్యాసాల్లో 4కి 2 వస్తోందంటే, లోపం బహుశా ఆధారం దగ్గరే ఉంటుందండీ. కామన్ కోర్ (ఏ గ్రేడ్‌లో ఏం నేర్చుకోవాలో చెప్పే ప్రమాణాలు) పాటించే అమెరికా రాష్ట్రాల్లో 5వ గ్రేడ్‌లో అభిప్రాయం, దానికి కారణాలు, వివరాలు రాస్తే సరిపోయేది. 6 నుంచి వాదన రాయాలి, అంటే చెప్పిన మాటని ఆధారంతో నిలబెట్టాలి.

1. రూబ్రిక్‌లో (టీచరు మార్కులు వేసే పట్టికలో) ఏ వరుసలో మార్కు పోయిందో చూడండి.

2. ప్రతి వాదనకీ పాఠంలోని వాక్యం చూపించిందా?

3. చాలామంది వదిలేసేది ఇదే: వాక్యం ఎత్తిరాసి ఆగిపోతారు. "అతను గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు" అని రాస్తే చాలదు. అతని భయం అందులో ఎలా కనిపిస్తోందో సొంత మాటల్లో రెండు వాక్యాలు రాయాలి. "అయితే ఏంటమ్మా?" అని తెలుగులోనే అడగండి. తను చెప్పిన జవాబునే ఇంగ్లీషులో రాయమనండి.

మీరు మాత్రం దిద్దకండి. తను ఎక్కడ ఆగుతోందో టీచరుకి కనబడాలి.