ఫిష్ ట్యాంక్ పెట్టాక కిటికీలకు నీళ్లు కారుతున్నాయా?

టొరంటో చుట్టుపక్కల కొత్తగా దిగిన మనవాళ్లు చలికాలం రాగానే అడిగే మాట ఇది: "ఫిష్ ట్యాంక్ పెట్టిన దగ్గర్నుంచీ పొద్దున లేచేసరికి కిటికీ అద్దాలకు నీళ్లు కారుతున్నాయి. కింద చెక్క ఉబ్బుతోంది, మూలల్లో నల్లగా బూజు వస్తోంది. ఇంటి ఓనర్ చూస్తే ఏమంటాడోనని టెన్షన్. చేపల్ని ఎవరికైనా ఇచ్చేయాలా?"

అక్కర్లేదు. ముందు ట్యాంక్‌కు మూత ఉందా, లేదా? చాలా ఇళ్లలో జబ్బంతా అక్కడే ఉంటుంది.

మన దగ్గర కిటికీలు తెరిచే ఉంటాయి కాబట్టి ఆవిరి ఎటు పోయినా ఎవరికీ పట్టదు. ఇక్కడి ఇళ్లు చలిగాలి దూరకుండా బిగించి కట్టినవి, లోపల పుట్టిన ఆవిరి లోపలే తిరుగుతుంది. గదిలో 21 డిగ్రీలు, తేమ 50 శాతం ఉందనుకోండి. 10 డిగ్రీల కన్నా చల్లగా ఉన్నది ఏది తగిలినా ఆ ఆవిరి నీరైపోతుంది. బయట మైనస్ 15 ఉన్న రాత్రి కిటికీ అద్దం అంచులు అంతకన్నా చల్లబడటం మామూలే. అదే తేమను 30 శాతానికి దించితే, అద్దం 3 డిగ్రీల దాకా చల్లబడినా పొడిగానే ఉంటుంది. హెల్త్ కెనడా కూడా ఇంట్లో తేమ చలికాలంలో 30, వేసవిలో 50 శాతం దగ్గర ఉంచుకోమనే చెబుతుంది. కాబట్టి మొదట కొనాల్సింది తేమ చూపించే చిన్న మీటర్, అంటే హైగ్రోమీటర్. హార్డ్‌వేర్ షాపుల్లో చవగ్గానే దొరుకుతుంది. దాన్ని ట్యాంక్ పక్కన కాకుండా పడగ్గదిలో పెట్టి చూడండి. రాత్రి తలుపులేసుకుని పడుకునేది అక్కడే కదా.

ట్యాంక్ ఎంత ఆవిరి వదులుతోందో కూడా తెలుసుకోవచ్చు. నీటిమట్టం దగ్గర గాజు మీద టేపు ముక్క అంటించి, వారం పాటు నీళ్లు పోయకుండా చూడండి. నాలుగడుగుల పొడవు, అడుగు వెడల్పు ఉన్న ట్యాంక్‌లో ఒక సెంటీమీటరు తగ్గిందంటే దాదాపు 3.7 లీటర్లు గాల్లో కలిసినట్టే. పైగా లీటరు నీళ్లు ఆవిరవడానికి సుమారు 0.68 యూనిట్ల వేడి కావాలి. అది ట్యాంక్ హీటర్ ఇచ్చినా, ఇంటిని వెచ్చబెట్టే ఫర్నేస్ ఇచ్చినా బిల్లు కట్టేది మీరే.

మూత వేస్తే ఇదంతా చాలావరకు ఆగుతుంది. గాజు మూతైనా సరే, కొలతకు కోయించిన పాలీకార్బొనేట్ షీటైనా సరే. వెనక ఫిల్టర్ తగిలించే చోట వెడల్పాటి సందు వదిలేస్తారు, అసలు ఆవిరంతా అందులోంచే పోతుంది. పైపులకు ఎంత కావాలో అంతే వదిలి మిగతాది మూయండి. చేపలకు ఊపిరాడదేమోనని భయపడొద్దు. ఆ చిన్న సందు, ఫిల్టర్ నీళ్లు పైన కదిలించడం వాటికి చాలు. హీటర్‌ను 28కి తిప్పి వదిలేయకండి, మామూలు ట్రాపికల్ చేపలకు 25 సరిపోతుంది. కరెంటు ఆదా అని రాత్రిపూట ఇంటి థర్మోస్టాట్‌ను 16కి దించే అలవాటుంటే మానుకోండి. నీళ్లు వెచ్చగా, గది చల్లగా ఉంటే ఆవిరి ఇంకా ఎక్కువ లేస్తుంది, కిటికీలు ఇంకా చల్లబడతాయి.

ఇక ఈశాన్యం సంగతి. వాస్తు ప్రకారం ఆ మూలే పెట్టాలని చాలామంది పట్టుబడతారు. పెట్టుకోండి, నేను వద్దనను. కానీ ఈ దేశంలో శీతాకాలపు ఎండ దక్షిణం వైపే ఉంటుంది. ఉత్తరం గోడ బయటి గోడైతే ఇంట్లో దానంత చల్లటి చోటు ఉండదు. ట్యాంక్‌ను ఆ గోడకు ఆనించి పెడితే వెనక గాలి ఆడదు, డ్రైవాల్ (ఇక్కడి గోడలకు వేసే జిప్సమ్ పలక) కాగితం మీద బూజు మొదలవుతుంది, అది మీ కంటికి కనపడదు కూడా. ఒక జానెడు ఎడం వదలండి, నెలకోసారి టార్చి వేసి వెనక చూడండి. లోపలి గోడ పక్కన చోటుంటే మాత్రం నా ఓటు దానికే.

నేరమంతా ట్యాంక్ మీదే వేయడమూ న్యాయం కాదు. కుక్కర్ విజిళ్లు, మరుగుతున్న చారు, చలికాలంలో ఇంట్లోనే ఆరేసిన బట్టలు, ఇవన్నీ తేమే. మీ స్టవ్ పైన ఉన్న ఫ్యాన్ గాలిని బయటికి పంపుతోందో, జల్లెడ పట్టి మళ్లీ మీ మొహానికే కొడుతోందో చూసుకోండి, అపార్ట్‌మెంట్లలో రెండో రకం చాలా ఉంటాయి. అలాంటప్పుడు వంట చేసేంతసేపూ బాత్రూమ్ ఫ్యాన్ వేయండి. ఫర్నేస్‌కు హ్యూమిడిఫైయర్, అంటే గాలికి తేమ కలిపే యంత్రం, తగిలించి ఉందేమో చూసి తగ్గించండి. ట్యాంక్ ఒక పక్క, అది ఒక పక్క ఆవిరి పోస్తూ, మీరు కిటికీలు తుడుస్తూ కూర్చున్న ఇళ్లున్నాయి. చలికాలంలో పది నిమిషాలు కిటికీ తెరిచినా మేలే. మైనస్ 15 గాలి లోపలికొచ్చి 21 డిగ్రీలకు వేడెక్కితే దాని తేమ పది శాతం కూడా ఉండదు.

వేసవిలో బేస్‌మెంట్‌లో ఉండేవాళ్లకు మాత్రం ఇది తిరగబడుతుంది. జులైలో బయటి గాలే ఉక్కగా ఉంటుంది. కిటికీ తెరిస్తే ఆ తేమ వచ్చి చల్లటి కాంక్రీటు గోడల మీద కూర్చుంటుంది. అప్పుడు కిటికీలు మూసి, గాలిలోని తేమను లాగేసే డీహ్యూమిడిఫైయర్ నడపాల్సిందే. దాని బకెట్‌లో పడిన నీళ్లు శుభ్రంగా కనిపిస్తాయి కదా అని ట్యాంక్‌లో పోయకండి. లోపలి లోహపు గొట్టాల మీదుగా, దుమ్ములోంచి వచ్చిన నీళ్లవి, చేపలకు పనికిరావు.