డబ్బుకు లోటే లేకపోతే ఒక్కడే వెళ్తాడట!

ప్రశ్న: మాకు పెళ్లయి 22 ఏళ్లు. మావారికి 50, నాకు 46. అమ్మాయికి 16. నెల క్రితం ఒక రాత్రి ముగ్గురం కబుర్లు చెప్పుకుంటుంటే, ‘డబ్బుకు లెక్కే లేకపోతే ఎక్కడికి వెళ్తారు?’ అని అమ్మాయి ఒక ఆట మొదలుపెట్టింది. మాల్దీవుల్లో నీళ్ల మీద కట్టిన విల్లాలో ముగ్గురం పదిహేను రోజులు ఉండాలన్నాను నేను. అమ్మాయి ఆఫ్రికాలో అడవి జంతువులు తిరిగే సెరెంగెటి మైదానాలు అంది. మావారు మాత్రం క్షణం ఆలోచించకుండా ‘అంటార్కిటికా, ఒక్కణ్నే’ అన్నారు. నా గుండె కలుక్కుమంది. ‘వెళ్లండి, ఎవరు పట్టుకున్నారు?’ అనేసి లేచి వచ్చేశాను. అప్పటినుంచి ఎడమొహం పెడమొహంగా ఉన్నాం. ఊహలో కూడా ఆయనకు నేను అక్కర్లేదా? ఇంత చిన్న విషయం రాయడానికి సిగ్గుగానే ఉంది.

జవాబు: సిగ్గుపడకండి. నిజంగా ప్రయాణం అనుకున్నప్పుడు సెలవు దొరకలేదనో, అప్పు ఉందనో, పిల్ల పరీక్షలనో ఏదో ఒకటి అడ్డం చెప్పుకుంటాం. డబ్బు సంగతి పక్కన పెట్టేస్తే ఆ అడ్డాలన్నీ తొలగిపోయి కోరిక ఒక్కటే మిగులుతుంది. ఆయన కోరిక అలా బయటపడినప్పుడు అందులో మీకు మీరు కనబడలేదు. ఆ బాధ చిన్నదేమీ కాదు.

అయితే ఆయన రెండు మాటలు అంటే మీ చెవిన ఒక్కటే పడింది. ‘ఒక్కణ్నే’ అన్నదాన్ని కాసేపు పక్కన పెట్టి, మొదటి మాట దగ్గర ఆగుదాం.

అంటార్కిటికా వెళ్లే ఓడలు ఎక్కువగా దక్షిణ అమెరికా కొసన ఉన్న ఉషువాయా రేవు నుంచి బయల్దేరతాయి. అక్కడి నుంచి డ్రేక్ పాసేజ్ దాటడానికి దాదాపు రెండు రోజులు. ప్రపంచంలో అతి కల్లోలమైన సముద్రాల్లో అదొకటి. నవంబరు నుంచి మార్చి దాకానే యాత్రల కాలం. డిసెంబరు, జనవరి అక్కడ నడి వేసవి, అప్పుడు రాత్రన్నది సరిగ్గా పడదు. ఇల్లు కట్టుకుని తరతరాలుగా కాపురం ఉండే మనుషులు ఆ ఖండం మొత్తంలో లేరు. ఎంత డబ్బున్నవాడికైనా అక్కడి నిబంధనలు ఒకటే. 500 మందికి మించి ప్రయాణికులున్న ఓడ ఎవరినీ ఒడ్డున దింపకూడదు. ఒకచోట ఒకసారికి 100 మందికి మించి దిగకూడదు. దిగేముందు బూట్లు కడుక్కోవాలి. పెంగ్విన్‌కు ఐదు మీటర్ల ఎడంగా నిలబడాలి.

యాభై ఏళ్ల మనిషి నోట ఠక్కున ఈ చోటు పేరే వచ్చిందంటే, ఆయన కోరుకున్నది భార్య లేని చోటని నాకు అనిపించడం లేదు. తననెవరూ ఏమీ అడగని చోటు అనిపిస్తోంది. ఆఫీసులోనూ ఇంట్లోనూ రోజంతా ఎవరికో ఒకరికి జవాబు చెబుతూ ఏళ్లు గడిపిన వాళ్లు నా ముందు కూర్చుని ‘ఒంటరిగా ఉండాలనుంది’ అంటూ ఉంటారు. ఎవరిని వదిలేయాలనుందో చెప్పమంటే చాలామంది తెల్లబోతారు. వాళ్లకు వదిలేయాల్సిన మనుషులెవరూ లేరు, దించుకోవాల్సిన బరువే ఉంది. మీ ఉత్తరాన్ని బట్టి ఇది నా ఊహ మాత్రమే, ఖాయంగా చెప్పాల్సింది ఆయనే.

ఇప్పుడు మీ కోరిక దగ్గరికి వద్దాం. మాల్దీవులు దాదాపు 1,200 పగడపు దీవులు. చాలాచోట్ల ఒక దీవంతా ఒకే రిసార్టు. దూరపు దీవులకు నీళ్ల మీద దిగే విమానం సీప్లేన్‌లో వెళ్లాలి, అది పగటిపూటే ఎగురుతుంది. గదిలోంచి మెట్లు నేరుగా సముద్రంలోకి దిగుతాయి. అలలకింద రంగురంగుల చేపలు కనబడతాయి. అది నిజంగానే కలలాంటి చోటు, మీ ఎంపికను నేను తప్పు పట్టను. కానీ ఒక్కటి గమనించండి. చాలా దీవులను కాసేపట్లో కాలినడకన చుట్టేయొచ్చు. అక్కడ వీధి ఉండదు, పక్కింటి పలకరింపు ఉండదు, ‘పనుంది, ఇప్పుడే వస్తా’ అని లేచి వెళ్లడానికి చోటే ఉండదు. పొద్దున లేచింది మొదలు అవే మూడు మొహాలు.

మీకు కావలసింది సరిగ్గా అదేనేమో! భర్త పనిలో పడి, కూతురు తన గదిలో పడి, ఒకే కప్పు కింద ఉంటూ కూడా మీ చేతికి దొరకడం లేదేమో. అమ్మాయికి పదహారంటే, పై చదువులకు ఇల్లు విడిచే రోజు ఎంతో దూరం లేదు. ఆ లోపు ఇద్దరినీ ఎక్కడికీ జారిపోని చోట పదిహేను రోజులు దగ్గర పెట్టుకోవాలని మీకు ఉంది. అలా చూస్తే ఒకే ఇంట్లో ఆయనకు మనుషులు ఎక్కువయ్యారు, మీకు తక్కువయ్యారు. ఇందులో ప్రేమ తగ్గినవాళ్లు ఎవరూ నాకు కనబడడం లేదు.

‘సరే, ముందు మాల్దీవులకు తీసుకెళ్తా’ అని ఆయన రాజీకి వచ్చినా ఇప్పుడే ఒప్పుకోకండి. ఇంట్లో మాటల్లేకుండా అలాంటి దీవికి వెళ్తే ఆ నిశ్శబ్దం రెండింతలు వినిపిస్తుంది. నెదర్లాండ్స్‌లో సుమారు 1,530 మందిని పరిశీలించి 2010లో ప్రచురించిన ఒక అధ్యయనం ఉంది. సెలవు యాత్రకు వెళ్లేవాళ్లు వెళ్లకముందే ఎక్కువ ఆనందంగా ఉన్నారు. తిరిగి వచ్చాక మాత్రం, చాలా విశ్రాంతిగా గడిపామన్న కొద్దిమంది తప్ప, ఎక్కడికీ వెళ్లనివాళ్లకూ వీళ్లకూ తేడా కనబడలేదు. యాత్రలో ఎదురుచూపే పెద్ద సుఖం. ఆ సుఖానికి మీకు టిక్కెట్టు కూడా అక్కర్లేదు. ఆ రాత్రి ముగ్గురూ దాన్ని అనుభవిస్తూ మధ్యలో ఆపేశారంతే.

ఆయన దగ్గరికి వెళ్లి ముందు మీ మాట మీరు వెనక్కి తీసుకోండి. ‘వెళ్లండి అన్నాను కానీ అది కోపంతో కాదు, బాధతో అన్నాను’ అంటే చాలు. ‘నన్నెందుకు వద్దన్నారు?’ అని మాత్రం అడగకండి. అది నిలదీయడం అవుతుంది, ఆయన తప్పించుకునే జవాబే చెబుతారు. దాని బదులు ‘అక్కడ మూడో రోజు పొద్దున మీరేం చేస్తూ ఉంటారు?’ అని అడిగి ఊరుకోండి. మొదటి రోజు గురించి అడిగితే ఎవరైనా ఫొటోల్లో చూసింది చెబుతారు. మూడో రోజు సంగతి చెప్పాలంటే లోపలికి చూసుకోవాలి. తర్వాత మీ మూడో రోజు మీరు చెప్పండి, వాళ్లిద్దరూ మీకు దొరకడం లేదన్న దిగులుతో సహా.

మీ అమ్మాయి కోరిన సెరెంగెటిని ఇద్దరూ వదిలేశారు. అక్కడ పది లక్షలకు పైగా విల్డెబీస్ట్‌లు (జింక జాతి జంతువులు) వానల వెంట, పచ్చిక వెంట ఏడాది పొడుగునా తిరుగుతాయి. జూలై నుంచి అక్టోబరు మధ్య మారా నదిని దాటతాయి. ఒక్కోసారి గట్టు మీదికి వచ్చి గంటలకొద్దీ దాటకుండా నిలబడిపోతాయి. చూడ్డానికి వెళ్లినవాళ్లు జీపులో పక్కపక్కనే కూర్చుని మాట్లాడకుండా ఎదురుచూస్తారు. అందరూ ఒక్కచోటే ఉంటారు, ఎవరినీ ఎవరూ ఏమీ అడగరు. ఆ పిల్ల తెలియకుండానే మీ ఇద్దరికీ సరిపడే చోటు చెప్పిందనిపించి, మీ ఉత్తరం అక్కడ రెండోసారి చదివాను.

ఈ లోపు చేయగలిగింది ఇంట్లోనే ఉంది. వారంలో ఒక పూట ఆయన్ని ఎవరూ ఏ పనీ అడగకూడదు. ఒక సాయంత్రం ముగ్గురూ ఫోన్లు పక్కన పెట్టి కలిసి ఉండాలి. రెండోది జరగకుండా మొదటిది మాత్రమే నడిస్తే మీరు మళ్లీ నష్టపోతారు. కాబట్టి ఈ ఒప్పందంలో మొహమాటపడకండి.

ఆయన కొన్నాళ్లుగా నిద్ర లేకుండా ఉంటున్నా, ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోయినా, స్నేహితులకూ దూరంగా జరుగుతున్నా ‘ఒక్కణ్నే’ అన్న మాటకు అర్థం వేరు. అప్పుడు మూడో రోజు కబుర్లతో సరిపెట్టకుండా మానసిక వైద్యుల దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లండి.

అమ్మాయి సంగతి వీటన్నిటికంటే ముందు చూడాలి. ఆట మొదలుపెట్టింది తనే కాబట్టి, అమ్మానాన్నల మధ్య మాటలు ఆగిపోవడానికి తానే కారణమని ఈ నెల రోజులుగా లోలోపల నలుగుతూ ఉండొచ్చు. ఆయనతో మాట్లాడేదాకా ఆగకండి, నీ తప్పేమీ లేదన్న ముక్క తనకు ఈరోజే చెప్పండి.