దరఖాస్తు ఫారం పని చేపట్టిన శ్రావణికి

చిరంజీవి శ్రావణికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

వసతి గృహాల ప్రవేశ దరఖాస్తుల వెబ్‌సైటు పని నీ చేతికి వచ్చిందని మీ నాన్న చెబితే నలుగురికీ చెప్పుకుని మురిసిపోయాను. అయితే పేజీ మొత్తం రియాక్ట్ అనే జావాస్క్రిప్టు సామగ్రితోనే కడుతున్నావనీ, బ్రౌజరులో పేజీని నడిపించే ఆ జావాస్క్రిప్టును ఆపేసుకునేవాళ్ళు ఈ రోజుల్లో ఎవరుంటారని నవ్వేశావనీ విన్నప్పటి నుంచి మనసు కుదుటపడలేదు.

ఆపేసుకునేవాళ్ళు తక్కువే. 2013లో బ్రిటన్ ప్రభుత్వ డిజిటల్ సర్వీసు తన వెబ్‌సైటులో లెక్క తీస్తే, 1.1 శాతం మందికి జావాస్క్రిప్టు అందలేదని తేలింది. వారిలో దాన్ని ఆపుకున్నవారూ, ఆ వసతి లేని బ్రౌజరు వాడేవారూ కలిపి మొత్తం సందర్శకుల్లో 0.2 శాతమే. మిగిలినవారి బ్రౌజర్లలో అది నడవవలసిందే గాని నడవలేదు. సిగ్నలు మధ్యలో తెగినా, ఆఫీసు ఫైర్‌వాల్ అడ్డుపడినా అంతే. నా భయమంతా వీళ్ళ గురించే.

నేను ఉద్యోగంలో ఉండగా ఒక సంస్థ ఉపకార వేతనాల ఫారం పెట్టింది. అందులో ‘సమర్పించు’ అని కనిపించేది నిజమైన బటన్ కాదు, స్క్రిప్టు తగిలించిన రంగు డబ్బా. ఆ స్క్రిప్టుకు కావలసిన లైబ్రరీ, అంటే ముందే రాసిపెట్టిన కోడు, బయటి సర్వరు నుంచి రావాలి. గడువు ముగిసే రోజున ఆ సర్వరు పలకలేదు. ఫారం తెరుచుకునేది, మార్కులు, బ్యాంకు ఖాతా నంబరు అన్నీ నింపనిచ్చేది, చివర నొక్కితే ఉలుకూ పలుకూ ఉండేది కాదు. నోస్క్రిప్ట్ ట్యాగులో రాసిన హెచ్చరిక కూడా కనబడలేదు, ఎందుకంటే స్క్రిప్టులు ఆపివేసిన బ్రౌజరులోనే అది కనిపిస్తుంది గాని, ఫైలు రాకపోతే దానికి పట్టదు. కూలి మానుకుని వచ్చిన తండ్రులు నెట్ సెంటరు గుమ్మంలో నిలబడి ఉంటే, పిల్లలు తమదే పొరపాటేమోనని మళ్ళీ మళ్ళీ నింపారు. గడువు పెంచమని అడిగితే, మన సర్వరు బాగానే ఉంది కదా అన్నారు పైవాళ్ళు. నిజమే, వచ్చినవన్నీ నమోదయ్యే ఆ సర్వరు లాగ్‌లో ఆ దరఖాస్తుల జాడే లేదు.

అందుకని స్క్రిప్టు లేకున్నా నింపినదాన్ని బ్రౌజరే సర్వరుకు పంపేలా ఫారం ట్యాగుకు యాక్షన్, పోస్ట్ పద్ధతి ఇచ్చి అసలైన బటన్ పెట్టు. నింపినవాటి తనిఖీ సర్వరులోనూ చెయ్యి. భద్రత కోసం అది ఎలాగూ తప్పదు. జిల్లా ఎంచుకోగానే మండలాల జాబితా మారడం లాంటి సౌకర్యాలు స్క్రిప్టుతో చేర్చుకో, అది రానప్పుడు మండలాన్ని తరువాతి పేజీలో అడుగు. రియాక్ట్ మానెయ్యమనడం లేదు, పేజీని సర్వరులోనే తయారుచేసి పంపే వీలు దానికీ ఉంది. వీడియో కాల్‌ను స్క్రిప్టు లేకుండా నడపమని ఎవరూ అడగరు గాని, పేరూ ఊరూ రాసి పంపే కాగితానికి ఆ సాకు చెల్లదు.

కసిరానని చిన్నబుచ్చుకోకు తల్లీ. ఈ ఆదివారం క్రోమ్ డెవలపర్ టూల్స్‌లో జావాస్క్రిప్టు ఆపి, రశీదు నంబరు వచ్చేదాకా ఫారం నువ్వే నింపి చూడు. ఎక్కడ ఆగిందో ఎంత పొద్దుపోయినా ఫోను చేసి చెప్పు.