కార్బన్ స్టీల్ బ్లేడు మర్నాటికే తుప్పు పడుతోందా? బ్లేడు మార్చకండి, ముందు నీళ్ళ సంగతి చూడండి

"కార్బన్ స్టీల్ బ్లేడుతో గడ్డం నున్నగా వస్తోంది, కానీ మర్నాటికల్లా తుప్పు పడుతోంది. స్టెయిన్‌లెస్‌కి మారిపోవాలా?" అని అడిగారు. మారొద్దనే చెప్తాను. పదిహేనేళ్ళకు పైగా ఈ బ్లేడులే వాడుతున్నాను. వీటిని గడ్డం కంటే ముందు నీళ్ళే చంపేస్తాయి.

మాది అనంతపురం. నాన్నగారు గడ్డం గీసుకుని రేజరును అలాగే కిటికీలో పెట్టేసేవారు. ఆ పొడిగాలికి పావుగంటలో ఆరిపోయేది. నేనూ అదే అలవాటుతో 2009లో ఉద్యోగానికి విశాఖపట్నం వెళ్ళాను. పెదవాల్తేరులో మేడమీద గది, బాత్రూముకి కిటికీ కూడా లేదు. నేల సాయంత్రమైనా ఆరేది కాదు. అద్దె పుచ్చుకునేటప్పుడు లేని మొహమాటం ఒక చిన్న కిటికీ పెట్టడానికి ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఇప్పుడు కొత్తగా కట్టే అపార్టుమెంట్లలోనూ అదే తంతు.

చేరిన మూడో రోజు పొద్దున చూస్తే బ్లేడు అంచు పొడవునా కాఫీ పొడి రంగులో సన్నటి గీత. ఆఫీసుకి ఆలస్యమవుతోందన్న టెన్షన్‌లో దానితోనే గీశాను. వెంట్రుకలు తెగడం లేదు, పీకినట్టుంది. రెండోసారి లాగేసరికి దవడ కింద చర్మం లేచిపోయింది. పటిక రుద్దినా రక్తం ఆగలేదు.

తువ్వాలు అదిమి పట్టుకుని కిందికి దిగుతుంటే మొక్కలకు నీళ్ళు పోస్తున్న ఇంటి ఓనరుగారు చూశారు. ఓడల మరమ్మతు పనిలో రిటైరైన పెద్దాయన. "ఏటి బాబూ, ఆ రక్తం?" అన్నారు. సంగతి చెప్పాను. "బ్లేడు పట్రా" అన్నారు. వెలుతురుకేసి పట్టి చూసి, "సముద్రపు గాలి బాబూ ఇది. ఓడనే తినేస్తాది, దీనికి బ్లేడొక లెక్కా?" అన్నారు.

లోపలికెళ్ళి వెడల్పు మూతి ఉన్న చిన్న గాజుసీసా తెచ్చారు. అందులో సర్జికల్ స్పిరిట్. నా చేత కొత్త బ్లేడు తెప్పించి కుళాయి కింద తడిపారు. పదును లేని రెండు కొసలూ వేళ్ళతో పట్టుకుని గట్టిగా దులిపారు. నేను తువ్వాలు అందించబోతే "తుడవకు! గుడ్డ తగిల్తే అంచు పోద్ది" అన్నారు. సీసాలో ముంచి, పది లెక్కపెట్టి, తీసి అగ్గిపెట్టెకు ఆనించి నిలబెట్టారు. ఇద్దరం వంగి చూశాం. తడి అంచు దగ్గర మొదలై లోపలికి ముడుచుకుంటూ పోయింది. నిమిషంలో చుక్క లేదు. "నీళ్ళని స్పిరిట్ తీసుకుపోద్ది, స్పిరిట్‌ని గాలి తీసుకుపోద్ది. ఇంక తుప్పుకేటి మిగిలింది?" అన్నారు. ఆ బ్లేడు నాకు నాలుగు గడ్డాలు వచ్చింది. అప్పటినుంచీ నా పద్ధతి అదే.

స్టెయిన్‌లెస్ బ్లేడులో సుమారు 13 శాతం క్రోమియం ఉంటుంది. అది గాలి తగలగానే ఉక్కు మీద కంటికి కనబడని పొర కట్టి కాపాడుతుంది. కార్బన్ స్టీల్‌కి ఆ రక్షణ లేదు, దాన్ని మనమే ఇవ్వాలి. 1903లో జిల్లెట్ బ్లేడులు అమ్మకానికి వచ్చినప్పటినుంచి 1962లో విల్కిన్సన్ అనే బ్రిటిష్ కంపెనీ పూత వేసిన స్టెయిన్‌లెస్ బ్లేడు తెచ్చేదాకా లోకం అంతా ఎక్కువగా కార్బన్ బ్లేడుతోనే గడ్డం గీసుకుంది. మా తాతగారు మొద్దుబారిన బ్లేడును గాజుగ్లాసు లోపలి గోడకు ఆనించి, వేలితో నొక్కి అటూ ఇటూ జరిపి మళ్ళీ పదును తెప్పించేవారు. అప్పటివాళ్ళకి బ్లేడంటే అంత జాగ్రత్త. ఇప్పుడేమో కొత్తరకం రేజర్లకు తగిలించే నాలుగు కార్ట్రిడ్జీలకు పెట్టే డబ్బుతో ఏడాదికి సరిపడా బ్లేడులు వస్తాయని తెలిసినా, ప్రకటన చూసి కొనేస్తున్నారు. పోనీ మామూలు బ్లేడు కొందామంటే మా దగ్గర పెద్ద సూపర్‌మార్కెట్లో దొరకదు, వీధి చివర కిరాణా కొట్టుకే వెళ్ళాలి.

గడ్డం వల్ల బ్లేడు పాడవదా అంటే, అవుతుంది. ఉక్కు వెంట్రుక కంటే దాదాపు 50 రెట్లు గట్టిది, అయినా వెంట్రుక ఏటవాలుగా తగిలినచోట అంచు పెచ్చులూడుతుందని 2020లో అమెరికాలోని ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయం పరిశోధకులు మైక్రోస్కోపు కింద చూసి చెప్పారు. అందుకే గడ్డాన్ని ముందు బాగా నాననివ్వండి. స్నానం చేసి వచ్చాక గీసుకోండి, లేదా వేడినీళ్ళ తువ్వాలు రెండు నిమిషాలు మొహానికి పట్టించండి. బ్రష్షుతో నురగ తిప్పండి. రేజరును నొక్కకండి, దాని బరువే చాలు. నానని గడ్డం మీద గీసి "బ్లేడు బాలేదు" అనేవాళ్ళని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

స్పిరిట్ మందుల షాపులో దొరుకుతుంది. సీసాకి మూత బిగుతుగా ఉండాలి, దీపానికీ పొయ్యికీ దూరంగా పెట్టండి. బ్లేడుతో పాటు రేజరు తలనీ విప్పి దులపాలి, లేకపోతే లోపల దాగిన చుక్క రాత్రికి బయటికొస్తుంది. వానాకాలంలో నేను స్పిరిట్ ఆరాక ఒక చుక్క కొబ్బరినూనె కూడా రాస్తాను, మర్నాడు వేడినీళ్ళలో కడిగితే పోతుంది. రేజరు బాత్రూములో వద్దు, గదిలో పెట్టుకోండి. అంచు మీద తుప్పుచుక్క కనిపించిందా, ఇక ఆ బ్లేడు మొహానికి పనికిరాదు.

పారేసేటప్పుడు మాత్రం కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేయకండి. మా వీధిలో చెత్త వేరు చేసే అక్క అరచేయి అలాగే కోసుకుపోయింది, మూడు కుట్లు పడ్డాయి. ఆ బ్లేడు ఎవరిదో తెలియదు, మాదే కావచ్చని నాకు చాలా రోజులు నిద్రపట్టలేదు. అప్పటినుంచి పాత పౌడరు డబ్బా మూతకి చీలిక కోసి బ్లేడులన్నీ అందులోనే వేస్తున్నాను. నిండాక చీలిక మీద టేపు చుట్టి, పైన 'బ్లేడులు' అని రాసి, ఏముందో చెప్పి ఆవిడ చేతికే ఇస్తాను.