సంఘానికి అప్పివ్వమంటున్నారు, ఎంత ఇవ్వాలి?

ప్రశ్న: మేం 24 మంది ఆడవాళ్లం కలిసి ఐదేళ్లుగా సహకార సంఘం నడుపుకుంటున్నాం. గుడ్డ సంచుల మీద ఎంబ్రాయిడరీ చేసి అమ్ముతాం. మా ఇంటి ఖర్చులో సగం నా కూలితోనే గడుస్తుంది. ఇప్పుడు ఒకే కొనుగోలుదారు నుంచి ఎప్పుడూ రానంత పెద్ద ఆర్డరు వచ్చింది. తొమ్మిది వారాల పని. సరుకు అందాక 60 రోజులకు డబ్బిస్తారట. ముడిసరుకుకు తలా కొంత వేయాలనీ, వేయనివాళ్లకు ఈ ఆర్డరులో పని ఉండదనీ మా అధ్యక్షురాలు అంటున్నారు. ఆరు నెలల ఇంటిఖర్చుకు సరిపడా పొదుపు నా దగ్గర ఉంది. అందులో నాలుగు నెలలది అడుగుతున్నారు. కాదంటే బాగుండదు. ఇచ్చేయమంటారా?

జవాబు: నాలుగు నెలలది ఇవ్వకండి. ఒక నెల ఖర్చుకు మించి ఇవ్వొద్దన్నది నా సలహా. ఆ లెక్క ఎలా వచ్చిందో చెబుతాను. ఈ మాట సంఘం మీద నమ్మకం లేక అంటున్నది కాదు. ఐదేళ్లు నిలబడిన సంఘం, ఇంకా నిలబడాలనే కోరుకుంటున్నాను.

మీరు ఆ సంఘంలో పనిచేస్తున్నారు, అందులో వాటాదారు కూడా. ఇప్పుడు అప్పిచ్చినవారూ అవుతారు. కూలి, వాటా, పొదుపు మూడూ ఒకే కొనుగోలుదారు ఇచ్చే చెల్లింపు మీద ఆధారపడతాయి. ఆ చెల్లింపు ఆలస్యమైతే మూడూ ఒకేసారి ఆగుతాయి. మిగతా పొదుపులన్నీ ఏదో ఒకటి పోయినా ఇంకోటి ఆదుకునేలా ఏర్పాటు చేసుకుంటాం కదా, ఇక్కడ ఆ వీలు లేదు.

పైగా ముడిసరుకు ఒక్కటే ఖర్చు కాదు. అమ్మకం ధర 100 అనుకుందాం. అందులో ముడిసరుకు 40, కుట్టు కూలి 35, రవాణా, ప్యాకింగు వగైరా 10, మిగులు 15 అనుకోండి. మీ సంఘం అంకెలు వేరుగా ఉండొచ్చు, వాటితోనే వేసి చూడండి. చెల్లింపు వచ్చేలోపు సంఘం చేతినుంచి పోయేది 40 కాదు, 85. సభ్యులు తెచ్చిన డబ్బుతో ముడిసరుకు కొన్నాక కూలి దేన్నుంచి ఇస్తారు? ‘ఆర్డరు డబ్బు వచ్చాక ఇస్తాం’ అన్నారంటే, తొమ్మిది వారాలూ ఆపై 60 రోజులూ, అంటే నాలుగు నెలలు దాటి మీకు కూలి రాదు. ఇంటిఖర్చులో సగం మీదే కాబట్టి ఆ నాలుగు నెలలకు పొదుపులోంచి రెండు నెలల ఖర్చు కరుగుతుంది. జబ్బు చేసినా, చెల్లింపు గడువు దాటినా ఆదుకోవడానికి మరో మూడు నెలల ఖర్చు కదపకూడదు. ఆరులో అయిదు పోగా మిగిలింది ఒకటి.

పెద్ద ఆర్డరంటేనే భయపడాలని నేననను. అమెరికాలోని అలబామాలో 1966లో నల్లజాతి మహిళలు బొంతలు కుట్టి అమ్ముకోవడానికి ‘ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ’ అనే సహకార సంఘం పెట్టుకున్నారు. 1972లో సియర్స్ అనే పెద్ద దుకాణాల సంస్థకు కార్డురాయ్ గుడ్డతో దిండు గలీబులు కుట్టే కాంట్రాక్టు వచ్చాక వాళ్లకు నిలకడైన పని దొరికింది. అలాంటి అవకాశం వదులుకోమని ఎవరికీ చెప్పలేను. అయితే డబ్బు ఎన్ని రోజులు ఇరుక్కుంటుందో ముందే చూసుకోవాలి. 1959లో ముంబైలో ఏడుగురు మహిళలు 80 రూపాయల అప్పుతో అప్పడాలు మొదలుపెట్టి లిజ్జత్‌ను నిలబెట్టారని అందరూ చెప్పుకుంటారు. అంత తక్కువ పెట్టుబడి ఎలా సరిపోయిందో మాత్రం ఎవరూ అడగరు. అప్పడాలు త్వరగా తయారై త్వరగా అమ్ముడయ్యే సరుకు. పిండి ఇంటికి తీసుకెళ్లి, మర్నాడు అప్పడాలు తెచ్చిచ్చి కూలి పుచ్చుకోవడం ఆ సంస్థ పద్ధతి. అదే డబ్బు మళ్లీ మళ్లీ తిరుగుతుంది. మీ ఆర్డరులో పెట్టిన డబ్బు నాలుగు నెలల దాకా తిరిగి రాదు.

అందుకే సభ్యులను అడిగే ముందు కొనుగోలుదారును అడగాలి. ముడిసరుకు ఖరీదు మేరకు బయానా ఇమ్మనండి. చేతిపనికి ముందస్తు అడగడం తప్పు కాదు, చాలామంది ఇస్తారు, మనవాళ్లే అడగడానికి మొహమాటపడతారు. ఇవ్వనంటే, సరుకు మూడు విడతలుగా పంపుతామనండి. ఇక్కడొక మెలిక ఉంది. 60 రోజుల గడువు అలాగే ఉంచితే విడతల వల్ల ఒరిగేదేమీ లేదు, మొదటి విడత డబ్బు వచ్చేసరికి మూడో విడత కూడా వెళ్లిపోయి ఉంటుంది. గడువు 15 రోజులకు తగ్గితే మొదటి విడత డబ్బు అయిదు వారాలు దాటగానే చేతికొస్తుంది, దాంతోనే మూడో విడత ముడిసరుకు కొనొచ్చు. అప్పుడు సభ్యులు సర్దాల్సింది మూడింట రెండు వంతులే.

మీరిచ్చే ఒక నెల మొత్తాన్ని వాటాధనంగా రాయించకండి, అప్పుగా రాయించండి. వాటా అయితే సాధారణంగా సంఘం నుంచి తప్పుకునేదాకా వెనక్కి రాదు. అప్పు అయితే ఎంత, ఏ తేదీకి, ఎంత వడ్డీతో అన్నది సభ్యుల తీర్మానంగా మినిట్స్ పుస్తకంలో ఎక్కాలి, సంతకాలు పడాలి. సంఘం రిజిస్టరయి ఉందో లేదో కూడా చూడండి. కాకపోతే సంఘం పేర బయట తెచ్చే అప్పు సభ్యుల సొంత మెడకు చుట్టుకోవచ్చు.

ఇక నన్ను ఎక్కువ బాధపెట్టిన మాట, డబ్బు వేయనివాళ్లకు పని లేదన్నది. మీ అధ్యక్షురాలు దురుద్దేశంతో అనుండరు, ఆర్డరు పోతుందన్న ఆందోళనే అయ్యుంటుంది. కానీ సహకార సంఘంలో ఎవరెంత డబ్బు పెట్టినా ఓటు ఒక్కటే. 1995లో అంతర్జాతీయ సహకార సమాఖ్య ప్రకటించిన ఏడు సూత్రాల్లో అదొకటి. డబ్బును బట్టి పని పంచితే, ఆ 24 మందిలో పొదుపే లేని మనిషికి, అంటే పని అందరికంటే ఎక్కువ అవసరమైన మనిషికి, ముందుగా తలుపు మూసినట్టే. వేయగలిగినవాళ్లు అప్పుగా వేస్తారు, వడ్డీ పుచ్చుకుంటారు. పని మాత్రం అందరికీ పంచాలని సర్వసభ్య సమావేశంలో మీరే అనండి. కాదనలేక ఊరుకున్నవాళ్లు మీలాగే ఇంకొందరు ఉంటారు.

సమావేశానికి వెళ్లేముందు ఒక పని చేయండి. ఈ ఆర్డరు సంచి ఒకటి గడియారం చూసుకుంటూ పూర్తిగా కుట్టండి. ఆ సంచికి ఇస్తామన్న కూలిని పట్టిన గంటలతో భాగించండి. మామూలు పనిలో మీకు వచ్చే గంట కూలి కంటే అది తక్కువగా తేలితే అప్పు సంగతి పక్కన పెట్టి, ముందు ధర మీద మళ్లీ మాట్లాడమని అడగండి.