అప్‌డేట్ ఆపొద్దు, రీస్టార్ట్ టైము మీరే పెట్టండి

ప్రశ్న: చెన్నై పెరంబూరులో పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తుంటానండీ. రాత్రి ఎక్స్‌పోర్ట్‌కి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి లాగిన్ స్క్రీన్ కనిపిస్తోంది, ఫైలు సగంలోనే ఆగిపోతోంది. అప్‌డేట్ల వల్లే రీస్టార్ట్ అవుతోందని, వాటిని పూర్తిగా ఆపేయమని తెలిసినవాళ్ళు అంటున్నారు. విండోస్ 11 ప్రో వాడుతున్నాను. ఆపేయమంటారా?

జవాబు: వద్దండీ, ఆ పని మాత్రం చేయకండి. 2017 మేలో వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్ళు లాక్ చేసి డబ్బులడిగే వైరస్, ప్రపంచమంతా పాకింది, మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి. దాన్ని అడ్డుకునే అప్‌డేట్ మార్చి 14నే వచ్చేసింది, అంటే వేసుకోవడానికి దాదాపు రెండు నెలలు టైముంది. మీ హార్డ్ డిస్కులో ఉన్నవి ఇంకొకరి పెళ్ళిళ్ళు. అవి లాక్ అయిపోతే మళ్ళీ తీయడానికి ఉండదు కదా.

ముందు అసలు కారణం అప్‌డేటేనా కాదా అన్నది తేల్చుకోండి, చాలామంది ఇది చూడకుండానే సెట్టింగులు మార్చేస్తారు. స్టార్ట్ మెనూలో వెతికి ఈవెంట్ వ్యూయర్ (సిస్టమ్‌లో ఎప్పుడేం జరిగిందో చూపించే చిట్టా) తెరిచి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ నొక్కి, ఆ రాత్రి ఏముందో చూడండి. 1074 నంబరు ఉంటే ఏదో ప్రోగ్రామ్ కావాలని రీస్టార్ట్ చేసిందని అర్థం, దాని పేరు కూడా అక్కడే ఉంటుంది. అది లేకుండా కెర్నల్ పవర్ 41 మాత్రమే ఉంటే కరెంటు పోయి ఉండాలి, లేదా సిస్టమ్ క్రాష్ అయి ఉండాలి. అలాగైతే మీరు చూసుకోవాల్సింది యూపీఎస్, ర్యామ్, వేడి.

అప్‌డేటే అని తేలితే సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, యాక్టివ్ అవర్స్‌కి వెళ్ళండి. ఆ గంటల్లో విండోస్ తనంతట తాను రీస్టార్ట్ చేయదు. మామూలుగా పగటి పూటే పని ఉంటుందన్న లెక్కతో ఇది ఉంటుంది, మీకేమో రాత్రే అసలు పని, పైగా ఆ టైములో మీరు కీబోర్డు ముట్టుకోరు. అందుకని ఆటోమేటిక్ తీసేసి మాన్యువల్ పెట్టి, సాయంత్రం 5 నుంచి మర్నాడు ఉదయం 11 వరకు ఇవ్వండి. గరిష్ఠంగా 18 గంటలే ఇస్తుంది, మీకు అది చాలు. రీస్టార్ట్ అవసరమైనప్పుడు నోటిఫికేషన్ ఇచ్చే ఆప్షన్ కూడా అక్కడే ఉంది, అది ఆన్ చేయండి.

మీది ప్రో కాబట్టి ఇంకో గట్టి ఏర్పాటు ఉంది. గ్రూప్ పాలసీ ఎడిటర్‌లో (మామూలు సెట్టింగ్స్‌లో కనపడని విండోస్ నియమాలు మార్చే చోటు) విండోస్ అప్‌డేట్ కింద లెగసీ పాలసీస్‌లో ‘నో ఆటో రీస్టార్ట్ విత్ లాగ్డ్ ఆన్ యూజర్స్’ అని ఒకటి కనిపిస్తుంది, అంటే ఎవరైనా లాగిన్ అయి ఉంటే తనంతట తాను రీస్టార్ట్ చేయదని. దాన్ని ఎనేబుల్ చేయండి. ‘కాన్ఫిగర్ ఆటోమేటిక్ అప్‌డేట్స్’ అనే పాలసీలో 4వ ఆప్షన్ ఎంచుకుంటేనే ఇది పనిచేస్తుంది, ఇక్కడే చాలామంది తప్పుతారు. రాత్రి సిస్టమ్ లాక్ చేయండి, సైన్ ఔట్ మాత్రం చేయకండి. హోమ్ ఎడిషన్‌లో ఈ ఎడిటర్ ఉండదు.

ఇక ముఖ్యమైన మాట. నెలవారీ సెక్యూరిటీ అప్‌డేట్లు ప్రతి నెలా రెండో మంగళవారం వస్తాయి, మన టైములో రాత్రి పదిన్నర, పదకొండున్నర అలా అవుతుంది. కాబట్టి బుధవారం పొద్దున ఎక్స్‌పోర్ట్ అయిపోగానే మీరే అప్‌డేట్ వేసి రీస్టార్ట్ చేసేస్తే మళ్ళీ నెల దాకా చాలావరకు టెన్షన్ ఉండదు. ముహూర్తాలు వరసగా ఉన్న రోజుల్లో ఒక వారం పాజ్ చేసుకోవచ్చు, ఐదు వారాల దాకా వీలుంది కానీ అంత లాగొద్దు. ఇంకొకటి, ముహూర్తం, తలంబ్రాలు, రిసెప్షన్ విడివిడిగా ఎక్స్‌పోర్ట్ చేసుకోండి, ఏదైనా తేడా వచ్చినా పోయేది ఒక్క ముక్కే.

ప్రశ్న: మాది ఆవడి. స్లీప్‌లో పెట్టిన ల్యాప్‌టాప్ అర్ధరాత్రి దానంతట అదే లేచి అప్‌డేట్ మొదలుపెడుతోంది సార్. ఎలా ఆపాలి?

జవాబు: కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో స్లీప్ కింద ‘అలో వేక్ టైమర్స్’ ఉంటుంది, బ్యాటరీకీ ఛార్జింగ్‌కీ రెండింటికీ డిజేబుల్ పెట్టండి. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో ఈ వరుస కనిపించదు. మీదీ అలాంటిదే అయితే రాత్రి షట్ డౌన్ చేసేయండి, బ్యాగులో పెట్టేటప్పుడైతే తప్పకుండా.