ఆండ్రోమెడా: నీహారికా, పాలపుంతా, గెలాక్సీయా?

ప్రశ్న: మా ఖగోళ బృందం తీసిన ఆకాశం ఫొటోలతో ఒక ప్రదర్శన పెడుతున్నాం. ఎం 31 ఫొటో కింద ఒకరు ‘ఆండ్రోమెడా నీహారిక’ అని, ఒకరు ‘ఆండ్రోమెడా పాలపుంత’ అని, ఇంకొకరు ‘నక్షత్ర మండలం’ అని రాశారు. ఏది ఒప్పు? ఓరియన్ నీహారిక ఎం 42 కింద ‘డిసెంబర్ 14 రాత్రి 1 గంటకు 2 గంటల ఎక్స్‌పోజర్‌తో తీసినది’ అని రాశాం. సరిగా ఉందా? పట్టిక నకలు పంపుతున్నాం.
– ఒక ఉపాధ్యాయురాలు, విశాఖపట్నం

సమాధానం: మూడూ వద్దు. ‘ఆండ్రోమెడా గెలాక్సీ’ అని రాయండి.

‘నీహారిక’ అన్నవారికి పాత పుస్తకాల అండ ఉంది. ఎం అంటే మెసియర్. ఆ ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రవేత్త 1781 నాటి జాబితాలో ఉన్నవి 103. తోకచుక్కలు వెతికేవాళ్లు మసకగా కనిపించే ప్రతిదాన్నీ చూసి మోసపోకూడదని చేసిన జాబితా అది. కాబట్టి వాటిలో ఏది వాయువో, ఏది చుక్కల గుంపో తేల్చాల్సిన అవసరం అప్పట్లో అంతగా లేదు. 1923లో మౌంట్ విల్సన్ 100 అంగుళాల టెలిస్కోపుతో తీసిన ఫొటో పలకపై ఎడ్విన్ హబుల్ ఎం 31లో ఒక సెఫీడ్ చరతారను (వెలుగు క్రమంగా పెరిగి తగ్గే, దూరం లెక్కించడానికి పనికొచ్చే చుక్కను) గుర్తించాక, అది మన పాలపుంతకు బయట ఉందని తేలింది. ఆ తర్వాత కూడా నీహారిక అనడం పాత అలవాటే తప్ప అర్థం కాదు. ఆ మాట రాయాల్సిన చోట రాసేటప్పుడు ‘నీ’కి దీర్ఘం ఉంచండి. నీహారం అంటే మంచు, దాని నుంచి వచ్చింది నీహారిక. ‘నిహారిక’ ఆడపిల్లల పేరుగా స్థిరపడింది, దాని జోలికి పోనక్కర్లేదు.

పాలపుంత మనం ఉన్న గెలాక్సీ పేరు. పుంత అంటే పొలాల మధ్య బండ్ల దారి. మన ఆకాశంలో కనిపించే ఆ తెల్లని దారికే ఆ పేరు చెల్లుతుంది. ‘ఆండ్రోమెడా పాలపుంత’ అంటే ‘విజయవాడ విశాఖపట్నం’ అన్నట్టే. గెలాక్సీ మాత్రం తెలుగు విభక్తులకు చక్కగా ఒదిగిపోయింది: గెలాక్సీలో, గెలాక్సీకి, గెలాక్సీలు. ఇక ‘మండలం’ సప్తర్షి మండలంలో ఉన్నట్టు మనం చుక్కలు కలిపి గీసుకునే ఆకారాలకు. దాన్ని అక్కడే వదిలేయండి.

పట్టికలో ‘తారాగుచ్చం’ అని నాలుగు చోట్ల ఉంది. ‘గుచ్ఛం’ అనాలి, ఛ వత్తు ఉండాలి. ‘గుచ్చం’ అంటే ‘మేము గుచ్చము’ అని! పిల్లల బోర్డు మీద ‘చుక్కల గుత్తి’ అన్నా నాకు అభ్యంతరం లేదు. ఎం 45కు మాత్రం కృత్తికలు అనే పేరు, పిల్లలకోడి అనే పల్లె పేరు రెండూ ఉన్నాయి. పైగా దానికి ఎన్‌జీసీ (మరో ఖగోళ జాబితా) నంబరు లేదు. ఆ గడిలో గీత గీయండి, ఎవరో మరిచిపోయారనుకుని ఏదో ఒక అంకె నింపవద్దు.

ఉంగరంలా కనిపించే ఎం 57ను ‘గ్రహ నీహారిక’ అన్నారు. ఈ మాట వాడుకలో ఉన్నదే, కానీ చదివినవారు గ్రహాలు పుట్టే చోటు అనుకుంటారు. చివరి దశలో నక్షత్రం వదిలేసిన వాయువు అది. పాత టెలిస్కోపుల్లో గ్రహంలా చిన్న బిళ్లగా కనిపించడం వల్ల ఆ పేరు పడింది. ‘గ్రహాకార నీహారిక’ అంటే పొరపాటుకు తావుండదు.

కృత్తికల ఫొటో దగ్గర ‘పరావర్తన నీహారిక (చుక్కల వెలుగు పడి మెరిసే ధూళి) స్పష్టం’ అని రాసేముందు ఫొటోను మరోసారి చూడండి. సముద్రపు గాలికి లెన్సు మీద చెమ్మ పడితే, మంచి వెలుగున్న ప్రతి చుక్కకూ గుండ్రంగా, ఒకే తీరుగా గుడి కడుతుంది. నిజమైన నీహారిక నీలంగా, దువ్వినట్టు చారలు చారలుగా ఉంటుంది. కృత్తికల్లో మెరోపీ అనే చుక్క దగ్గర ఎక్కువ. అన్ని చుక్కలకూ ఒకేలా ఉంటే రాయాల్సింది ‘చెమ్మ వల్ల గుడి’ అని. లెన్సుకు సన్నని హీటర్ పట్టీ చుడితే ఈ ఇబ్బంది ఉండదు.

మీ ఎక్స్‌పోజర్ వాక్యంలో లోపం వ్యాకరణంలో లేదు. ‘2 గంటల ఎక్స్‌పోజర్’ అంటే షట్టర్ ఆపకుండా రెండు గంటలు తెరిచి ఉంచారనే అర్థం వస్తుంది. అలా తీస్తే ఎం 42 నడిమి భాగం తెల్లగా పేలిపోతుంది. దీనికి మనకు ‘చొప్పున’ అనే చక్కటి మాట ఉంది: ‘120 సెకన్ల చొప్పున 60 ఫ్రేములు, నడిమి భాగానికి విడిగా 10 సెకన్ల చొప్పున 30’. తీసినవి, కలిపినవి వేర్వేరుగా చెప్పండి. గాలికి కదిలిన 12 తీసేసి 48 కలిపితే, మొత్తం 1 గంట 36 నిమిషాలే, 2 గంటలు కాదు. కలిపిన ఫ్రేములు నాలుగింతలైతే ఫొటోలో గరుకుదనం సగానికి తగ్గుతుంది కాబట్టి తెలిసినవాళ్లు చూసేది ఆ కలిపిన అంకెనే.

తేదీకి శుభలేఖల పద్ధతి పాటించండి: ‘డిసెంబర్ 14 రాత్రి 1 గంటకు (తెల్లవారితే 15)’. మనకు ఆ రాత్రి 14దే, కెమెరా మాత్రం 15 అని రాసుకుంటుంది. అంతర్జాతీయ కాలమానంలో అది మళ్లీ 14వ తేదీ 19.30. మూడింటినీ కలిపేస్తే ఒకే రాత్రి తీసిన ఫొటోలు పట్టికలో రెండు రోజులకింద చీలిపోతాయి.

మీ మొదటి బోర్డు మీద గోడే వెంకట జగ్గారావు 1840లో డాబాగార్డెన్స్‌లో నెలకొల్పినదాన్ని ‘వేదశాల’ అన్నారు. అది ‘వేధశాల’, అంటే ఆకాశాన్ని పరిశీలించే చోటు. అచ్చుకు ఇచ్చేలోగా ధ చేయించండి.